పచ్చతోరణమును, చలికాలపు పెరడును



కార్తికమాసము ప్రవేశించినది. తెల్లవారుజామున అరుగుమీద కూర్చున్నవారికి భుజముపై కండువా చాలక దుప్పటి కావలసివచ్చుచున్నది. ఇట్టి వేళ నేను మాటలాడబూనిన విషయము మిక్కిలి చిన్నదిగ తోచవచ్చును. గుమ్మమునకు కట్టు మామిడాకుల తోరణమును గూర్చియు, ఆ ఆకునిచ్చు పెరటిని చలికాలమునకు సిద్ధపఱచుటను గూర్చియు నాలుగు మాటలు మనవి చేసెదను. తోరణము పండుగపనియనియు, పెరడు వ్యవసాయపు పనియనియు, ఒకదానికొకటి సంబంధము లేదనియు పెక్కుమంది యెంచుదురు. బడిపంతులుగ నున్న కాలమున నేనును అట్లే యెంచితిని. ఆ రెండును ఒక్కటే పనియని నాకు తెలిసివచ్చిన విధమును ఈ ప్రసంగము నడుమ చెప్పెదను. ఆ తెలివికి మా యిల్లు చెల్లించిన వెలయు అచ్చటనే విందురుగాక.

మొదట తోరణమను మాటను చూతము. సంస్కృతమున ఈ శబ్దమునకు ముఖ్యార్థము ఆకుల దండ గాదు, వెలుపలి ద్వారము. అమరసింహుడును ఆ యర్థమునే చెప్పియున్నాడు. సాంచీస్తూపమునకు నలుదిక్కుల నిలిచిన రాతిద్వారములు తోరణములు. ఓరుగల్లు కోటలో కాకతీయులు నిలిపిన శిలాద్వారములును తోరణములే. గుమ్మమునకు కట్టు ఆకులమాలకు సంస్కృతమున వందనమాలిక యని వేఱుగ పేరు కలదు. మన తెలుగువారు ద్వారముపేరును మాలకు పెట్టుకొని, మాలయే ద్వారమునకు ద్వారత్వమును కలిగించునన్నట్లు వ్యవహరించుచున్నారు. తోరణములేని గుమ్మము పండుగనాడు బోసిగ నుండునని మన ఆడువారు చెప్పుమాటలో ఈ భావమే యున్నది.

ఇక మామిడాకే యేల? అశ్వత్థము, మేడి, జువ్వి, మామిడి, మఱ్ఱి యను ఐదింటి చిగుళ్లను పంచపల్లవములందురు. ఇవి యైదును కలశమునకు చెప్పబడినవి. కాని గుమ్మమునకు కట్టునది వీనిలో మామిడియాకు మాత్రమే. శాస్త్రమును ప్రక్కనుంచి చూచినను ఇందు యుక్తి కలదు. రావియాకు శిశిరమున రాలిపోవును, పైగా దాని కాడ సన్నము, కొస పొడుగు, గాలికి చినిగిపోవును. మఱ్ఱియాకు బరువు, పాలు కారును. మామిడి యన్ననో సంవత్సరము పొడుగునను పచ్చగ నుండు వృక్షము. దాని యాకు ఒక్కొక్కటి ఏడాదికి మించి కొమ్మపై నిలువగలదు. ఆకు పైభాగమున మైనమువంటి పొర యొకటి యుండుటచే లోని తడి త్వరగ ఆఱిపోదు. ఎండినను ముడుచుకొని వ్రేలాడక, నిడుపాటి ఆకారమును నిలుపుకొనును. కట్టిన నాలుగు దినములకును చూడదగియుండునట్టి ఆకు పేదవాని పెరటిలోను దొఱకునది వేఱొకటి లేదు.

చలి మిక్కుటమైన ఉత్తరదేశములందును ఇట్టి యాచారమే యొకటి కలదు. అచ్చట చలికాలమున పెక్కుచెట్లు ఆకు రాల్చి మోడులగును. సూదులవంటి యాకులుగల దేవదారు, సరళము మొదలైన జాతులు మాత్రము మంచులోను పచ్చగ నిలుచును. ఆ దేశస్థులు ఆ కొమ్మలను చక్రాకారముగ చుట్టి, డిసెంబరు మాసమున తలుపులకు వ్రేలాడగట్టుదురు. చెట్టు వేఱు, పండుగ వేఱు. భావము మాత్రము ఒక్కటి. లోకమంతయు వాడినవేళ వాడనిదానిని తెచ్చి గడపమీద నిలుపుకొనుట మనుష్యస్వభావము. నా శిష్యులలో క్రైస్తవ కుటుంబములవారు డిసెంబరు 25వ తేదీకి తమ ప్రార్థనామందిరపు వాకిట మామిడాకులనే కట్టుట నేను కన్నులార చూచితిని. నేల మనది గనుక ఆకును మనదే.

తోరణము కట్టుట అందఱకును తెలిసినదే యనుకొందుము గాని, సరిగ కట్టువారు తగ్గిపోవుచున్నారు. మా తల్లిగారు కట్టు పద్ధతిని చెప్పెదను.

మూడడుగుల వెడల్పు గల గుమ్మమునకు 21 ఆకులు చాలును. ఎఱ్ఱని లేతచిగురు పనికిరాదు. కోసిన గడియకే వ్రేలాడబడును. ముదిరి పసుపుపచ్చనైనదియు కూడదు. దట్టమైన పచ్చరంగు తేఱి, చేతితో వంచినపుడు విఱుగక వంగునట్టి ఆకు తగినది. జానెడు పొడవు, మూడు వ్రేళ్ల వెడల్పు ఉన్న ఆకులను ఒకే తీరువానిని ఏఱుకొనవలెను. ఎండ తీవ్రముకాకముందు కోసి, కాడనుండి కాఱు సొన ఆఱువఱకు పళ్లెములో నుంచి, పిదప నీళ్లలో కడిగి, గుడ్డతో తుడువవలెను. ముందునాటి సాయంకాలమే కోసినచో రాత్రి నీటితొట్టిలో నుంచినయెడల తెల్లవారునప్పటికి బిగువుగ నుండును.

త్రాడునకు అరటినార శ్రేష్ఠము. ఎండిన అరటిబోదె పట్టను చీల్చి, నీళ్లలో నానబెట్టి, రెండు పాయలుగ పేనినచో చాలును. అది దొఱకనిచోట కొబ్బరిపీచు త్రాడు. ఆకు కాడవైపు రెండంగుళముల మేర త్రాటిమీదుగ వెనుకకు మడిచి, కొబ్బరియీనె ముక్కను రెండంగుళముల పొడవున విఱిచి, మడత రెండు పొరలలోనుండి ఒకసారి లోనికి, ఒకసారి వెలుపలికి గ్రుచ్చవలెను. ఆకు నిగనిగలాడు ముఖము వీధివైపునకు రావలెను. ఈనెను నడియీనెకు అడ్డముగ గ్రుచ్చుట ముఖ్యము. నిలువుగ గ్రుచ్చినచో ఆకు ఎండినపుడు చీలి రాలిపోవును. సూదీదారములతో కుట్టువారు కొందఱు కలరు. దారము సన్నమగుటచే ఎండినయాకును కోసివేయును, ఈనెముక్క కోయదు. ఆకుకును ఆకుకును నడుమ కొంచెము ఎడముంచినచో గాలి ఆడును. పైగా ఆకులు ఒరసికొని నలుపెక్కవు. నడుమ నడుమ బంతిపూవు గ్రుచ్చుట వారివారి యిష్టము. ఇంతియే విద్య. కాని పదియేండ్ల పిల్లవాడు దీనిని మూడుసార్లు కట్టినగాని చేయి తిరుగదు. కనుక పిల్లలచేత కట్టింపుడు.

ఇప్పుడు నేను చెప్పెదనన్న సంగతికి వచ్చుచున్నాను.

మా పెరటిలో మా నాయనగారు నాటిన మామిడిచెట్టొకటి కలదు. కాయ పులుపు, పీచు ఎక్కువ, టెంక గట్టి. ఆవకాయకు పెట్టినది పేరు. నాయనగారు గతించిన పిదప మా అమ్మగారు ప్రతి వేసవియందును ఆ చెట్టు కాయతోనే ఆవకాయ పెట్టి, మొదటి జాడీని ఆయన పేర వేఱుగ నుంచెడివారు. ఇరువది యేండ్ల క్రిందట మార్గశిరమాసమున మా పెద్దమ్మాయి వివాహము చేసితిమి. పందిరికి, వాకిళ్లకు, విడిదికి తోరణములు కావలసివచ్చినవి. నా యందు గౌరవముచే బడిపిల్లలు పదిమంది చెట్టెక్కిరి. నేను క్రిందనుండి 'ఎక్కువ తెండిరా' యని కేకవేయుచుంటిని. వారు ఆకులు కోయలేదు. కొమ్మల కొనలను మూరెడు పొడవున విఱిచి క్రిందికి పడవైచిరి. తూర్పువైపు చెట్టంతయు బోడియైనది. అంతటితో పోక, పెండ్లి వంటలకు వాడిన నీరు వ్యర్థమగునని, కాలువ తీయించి చెట్టుపాదులోనికి మరలించితిని. పదిదినములు నీరు నిలిచినది. చెట్టునకు మేలు చేసితినని సంతోషించితిని.

పుష్యము వచ్చినది. ఊరిలోని చెట్లన్నియు పూతపట్టినవి. మా చెట్టు తూర్పున ఎఱ్ఱని చిగుళ్లు వైచినది. పడమట అచ్చటచ్చట నాలుగు పూగుత్తులు కనబడినవి. ఆ గుత్తుల పిందెలును గాలికి రాలిపోయినవి. ఊరిలో తోటపని చేయు వృద్ధుడొకడుండెను. అతనిని పిలిపించి చూపితిని. అతడు చెట్టు చుట్టు తిరిగి, పాదును కాలితో తట్టి చూచి, "పంతులుగారూ, కొనలు విరిచారు, పాదులో నీళ్లు నిలబెట్టారు, ఇంక పూతేదీ అని అడుగుతున్నారు. చెట్టు నిద్రపోయే వేళ లేపి కూర్చోబెడితే చిగురెయ్యక యేం చేస్తుందండీ?" అనెను.

అతడు బడిమెట్టు ఎక్కినవాడు కాడు. కాని తరువాత నేను చదివిన వృక్షశాస్త్రమంతయు ఆ మాటకు వ్యాఖ్యానముగనే యున్నది. మామిడిపూత కొమ్మకొనయందలి మొగ్గనుండి వచ్చును. వానకాలమున వచ్చిన చిగురు ముదిరి, కొంతకాలము ఎదుగక విశ్రమింపవలెను. ఆ విశ్రాంతిలో నేల ఆఱి, రాత్రులు చల్లబడినపుడు కొనమొగ్గ పూమొగ్గగ మాఱును. అట్టి వేళ నీరు పెట్టినచో మొగ్గ పూవును మఱచి ఆకును వేయును. కొననే విఱిచినచో ఆ పూత వచ్చు చోటే లేకపోవును. విఱిచిన కొమ్మ ప్రక్కమొగ్గలనుండి పూత వచ్చుటయు కొన్నింట కలదు గాని దానిని నమ్ముకొనరాదు. నేను ఒక్క పెండ్లికి రెండు తప్పులును చేసితిని.

ఆ వేసవిలో మా అమ్మగారు ఆవకాయకు అంగడికాయ తెప్పింపనిచ్చినారు గాని, మొదటి జాడీ వేఱుగ నుంచలేదు. నన్నొక్కమాటయు అనలేదు. మఱుసటి వేసవికి చెట్టు విరగగాచినది, ఆమె లేరు.

అయ్యలారా! ఈ మాట నా దుఃఖము చెప్పుకొనుటకు చెప్పలేదు. తోరణమునకు ఆకు కోయు నియమమొకటి కలదనియు, అది మన పెద్దలకు తెలిసియు మనకు చెప్పక పోయిరనియు చెప్పుటకు చెప్పితిని. ఆ నియమమిది. ఆశ్వయుజమునుండి పూత ముగియువఱకు మామిడికొన విఱువరాదు. చెట్టులోపలి కొమ్మలనుండి, క్రిందివైపు నీడన నుండు రెమ్మలనుండి, ఒక్కొక్క రెమ్మకు రెండు మూడాకులకు మించక, కాడతోసహా విడియాకులుగ కోయవలెను. ఒకే ప్రక్క కోయక చెట్టంతయు తిరిగి కోయవలెను. కలశమునకు చిగురుకొన కావలసినచో ఒక్కటి చాలును. దానికి నూఱు కొనలు విఱువనక్కఱలేదు.

ఇప్పుడు పెరటిపనులను కాలక్రమముగ చెప్పెదను. మన చలికాలము మంచుదేశముల చలికాలమువంటిది కాదు. మనకు కోస్తాజిల్లాలలో చలికన్న ముందు గాలివాన వచ్చును. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ దివిసీమ ఉప్పెనను మఱచినవారు మీలో ఉండరు. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమున వీథివీథిని చెట్లు కూల్చినది. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తిత్లీ తుఫాను శ్రీకాకుళముజిల్లా ఉద్దానమున కొబ్బరితోటలను, జీడిమామిడి తోటలను నేలమట్టము చేసినది. కావున దసరా వెళ్లిన వెంటనే మొదటి పని, ఇంటికప్పుమీదికి వంగిన కొమ్మలను, ఎండిన కొమ్మలను తీయించుట. కొబ్బరికి ఎండుమట్టలను, ఎండుగెలలను దింపవలెను. పచ్చమట్టను కోయరాదు, అది చెట్టునకు అన్నము వండు పొయ్యి. గెలవేసిన అరటికి వెదురుపోటు పెట్టవలెను. పెరటినీరు వీథికాలువకు పోవు త్రోవను పాఱతో శుభ్రము చేయవలెను. రెండుదినములు నీరు నిలిచినచో బొప్పాయివంటి చెట్టు వేళ్లు కుళ్లి చచ్చును.

రెండవది రాలిన ఆకు. కార్తికము మొదలుకొని ఫాల్గుణమువఱకు పెరటిలో ఆకు రాలుచునే యుండును. దానిని ఊడ్చి మూల కుప్పవేసి నిప్పంటించుట మన వాడుక. ఇది రెండు విధముల చేటు. చలికాలపు రాత్రి నేలనంటియున్న గాలి చల్లబడి బరువెక్కి పైకి లేవదు. దానిపై కొంచెము వెచ్చనిగాలి మూతవలె నుండును. అందుచే పొగ ఊరిమీదనే పఱచుకొని, ఉబ్బసముగల ముసలివారికిని పసిపిల్లలకును ప్రాణసంకటమగును. రెండవ చేటు, నేలనుండి చెట్టు తీసికొన్న సారమును మనము బూడిద చేయుట. దీనికి మాఱుగ పెరటి నీడమూల మూడడుగుల లోతున, మూడడుగుల వెడల్పున గొయ్యి తీయుడు. బెత్తెడు మందమున ఆకు, దానిపై పేడనీరు, దానిపై గుప్పెడు గుప్పెడుగ మట్టి, ఇట్లు వరుసలు వేయుడు. ఎండక తడిగ నుండునట్లు వారమునకొకసారి నీరు చల్లుడు. నెలకొకసారి తిరుగవేయుడు. తొలకరి నాటికి అది నల్లని యెరువగును. మామిడాకు దళసరి గనుక ఆలస్యముగ చివుకును. దానిని కత్తితో ముక్కలు చేసి వేసిన త్వరపడును. పాతతోరణములను విప్పి, ఆకులను నారను ఈ గోతిలోనే వేయుడు. గుమ్మమున నిలిచిన ఆకు మరల చెట్టు మొదటికి చేరుట ఉచితమైన సాగనంపు.

మూడవది మామిడి. కాపుపట్టిన చెట్టునకు కార్తికమునుండి నీరు మానివేయవలెను. పాదును పైపైన గుల్లచేసి కలుపు తీయుడు; లోతుగ త్రవ్వి వేళ్లు తెంపకుడు. ఎరువు వేయు కాలమిది కాదు. అది కాయ దింపిన పిదప తొలకరిలో చేయవలసిన పని. పిందె బఠానీగింజంత యైన తరువాత మరల నీరు పెట్టుడు. నాలుగైదేండ్లలోపు లేతమొక్కలకు ఈ నియమము వర్తింపదు. వానికి తడి తప్పక ఇయ్యవలెను. పూతవేళ రాత్రిచలి, తెల్లవారి మంచు కలిసినచో పూగుత్తులపై బూడిద తెగులు వచ్చును. గుత్తి తెల్లని పిండి చల్లినట్లుండి పిందెపట్టక రాలును. నీటిలో కలియునట్టి గంధకపుపొడిని లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి, తొలిలక్షణము కనబడగనే పిచికారి చేసిన తగ్గును. నడియెండలో కొట్టరాదు.

నాలుగవది మల్లె. దీని సంగతియు మామిడివంటిదే, నిద్రనిచ్చినగాని పూవునీయదు. మార్గశిరమున నీరు మాన్పి, పుష్యమున తీగలను మోకాలియెత్తునకు కత్తిరించి, మిగిలిన ఆకు దూసివేసి, మొదలు త్రవ్వి పశువుల యెరువు వేసి, అప్పుడు నీరు పెట్టుడు. ఫాల్గుణచైత్రములందు ఇల్లంతయు వాసన నిండును. చలికాలమున జాలితో నీరుపోసిన పొద ఆకుతో దట్టమై, వేసవిలో నాలుగు పూలిచ్చి ఊరకుండును. దయయు కాలమెఱిగి చేయవలెనని ఈ పొద చెప్పుచున్నది.

ఐదవది కూరమళ్లు. నవంబరు తొలివారమున ప్రవేశించు విశాఖకార్తెకు మళ్లు కట్టి ముల్లంగి, మెంతి, పాలకూర, కొత్తిమిర చల్లవచ్చును. ధనియమును చెప్పుక్రింద నలిపి రెండు బద్దలు చేసి చల్లినచో సమముగ మొలచును. వంగ, టమాట నారు కూడ ఇప్పుడు నాటదగినవే. వీనికి ఉదయమే నీరు పోయుడు. సాయంకాలము పోసినచో ఆకు రాత్రంతయు తడిగ నుండి తెగులు పట్టును. పందిరిచిక్కుడు మీ దొడ్డిలో ఇప్పటికే అల్లుకొనియుండును. పగలు కుఱచయైనగాని అది పూవదు. అందుచేతనే వానకాలమంతయు ఆకుమాత్రమే చూపి, సంక్రాంతికి కాయలతో విరుగును. 'పాదు గొడ్డుపోయిన'దని ఆశ్వయుజమున పెఱికివేయువారిని నేను చూచితిని, అట్లు చేయకుడు. చలికి చిక్కుడుకొనలపై పేనుబంక పట్టును. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడిని రాత్రి నానబెట్టి, ఉదయము వడగట్టి, కొంచెము సబ్బునీరు చేర్చి చల్లినచో పురుగు తగ్గును. తినువారికి ఆపద లేదు.

మన్యప్రాంతపు శ్రోతలకొక మాట. లంబసింగి, చింతపల్లి వైపునను, ఆదిలాబాదు ప్రాంతమునను చలి మైదానముకన్న మిక్కిలి హెచ్చు. అచ్చట లేతమొక్కలకు సాయంకాలము గోనెపట్టతోగాని ఎండుగడ్డితోగాని కప్పువేసి, ప్రొద్దెక్కిన పిదప తీయవలెను. మొదట ఎండుటాకు పఱచినచో నేలలోని వెచ్చదనము నిలుచును.

ఇట్లు పెరడు సిద్ధమైన పిదప పండుగలు వచ్చును. అవియు చేతిపనుల పండుగలే. ధనుర్మాసమున పిల్లలు ఆవుపేడతో చిన్నచిన్న పిడకలు నడుమ రంధ్రము పెట్టి తట్టి, ఎండబెట్టి, త్రాటికి గ్రుచ్చి దండలు చేయుదురు. భోగిమంటకు ఆ దండయు, ఎండుమోడును చాలును. పాతరబ్బరును, ప్లాస్టిక్ సామానును ఆ మంటలో వేయు కొత్తవాడుకను పెద్దలు మాన్పవలెను. వరికోతలైన పిదప మంచి కంకులను జానెడు కాడతో కోసి, కాడలపై నీరు చిలికి మెత్తపఱచి, గుప్పెడేసి కట్టలుగ త్రాటికి చుట్టుచు జడవలె అల్లినచో చక్కని కుచ్చు అగును. దానిని వసారాలోను, దేవాలయ మండపములోను వ్రేలాడగట్టుట మన కోస్తా ఊళ్లలో పూర్వాచారము. పిచ్చుకలు వచ్చి తినును. పెంకుటిళ్లు పోయి పిచ్చుకకు గూడు తగ్గిన ఈ దినములలో ఆ కుచ్చు అలంకారము మాత్రమే కాదు, అన్నదానము. రథసప్తమినాడు చిక్కుడుకాయలకు ఈనెలు గ్రుచ్చి రథము కట్టి, చిక్కుడాకుపై పరమాన్నము నివేదించుట మీరెఱిగినదే. చూడుడు: ఆ యీనె, ఆ నార, ఆ కాయ, ఆ యాకు అన్నియు పెరటివే. పెరడు ఎండిన యింట పండుగ అంగడికి పోయి కొనవలసివచ్చును.

ఇప్పుడట్లే కొనుచున్నారు. ప్లాస్టిక్ మామిడాకుల తోరణములు పట్టణములనుండి పల్లెలకు వచ్చినవి. ఒకసారి కట్టిన ఐదేండ్లు ఉండునని చెప్పుదురు. ఉండును, నిజమే. దుమ్ముపట్టి, రంగు వెలిసి, ఏ పండుగకు కట్టినదో తెలియక అట్లే యుండును. తోరణము వాడవలెను, వాడినందుననే మఱుసటి పండుగకు ఇంటిలోనివారు మరల చెట్టుచెంతకు పోవుదురు. చెట్టు పూతపట్టినదా, కొనలు బాగుగ నున్నవా, చీమలు పట్టినవా యని చూచుట అప్పుడే జరుగును. చెట్టువంక చూడని యింటిలో చెట్టు ఎక్కువకాలము నిలువదు.

చెట్టులేనివారికి ఒక మాట. ఊరికొక్క మామిడి, ఒక్క రావి, ఒక్క మఱ్ఱి బడిదొడ్డిలోగాని చెఱువుగట్టునగాని నాటించి, నాలుగు వేసవులు నీరు పోయించినచో, పదిమంది గుమ్మములకు ఆకు దొఱకును. ఆ పని మీవంటి పెద్దలు తలచినచో ఒక్క పూటలో జరుగును. ఆకు కోయు నియమమును కూడ చెట్టుమొదట కూర్చుండబెట్టి పిల్లలకు చెప్పుడు. నాకు ఎవరును చెప్పలేదు. నేను నా పిల్లలకు చెప్పలేదు. నష్టపడిన పిదప తెలిసికొంటిని.

మా చెట్టు ఇప్పటికిని ఉన్నది. ఈ యేడు కార్తికము మొదటిదినమున మా మనుమడు నాతో చెట్టుక్రిందికి వచ్చెను. 'తాతయ్యా, ఈ ఆకు కోయనా?' యని ప్రతి ఆకునకును నన్నడిగి, లోపలికొమ్మలనుండి 21 ఆకులు కోసెను. కొనలు ముట్టలేదు. తోరణము వంకరగ కట్టినాడు, నేను దిద్దలేదు. పాదుకాలువను మట్టితో మూసి, దానిపై రాయి పెట్టివచ్చితిమి. వేసవిలో కాయ దిగినచో మొదటి జాడీ రెండు పేర్ల వేఱుగ నుంచవలెనని మా యింటిలో అనుకొనుచున్నాము.

 మీ గుమ్మములు పచ్చగను, మీ చెట్లు పూతతోను ఉండుగాక.